మాయమైందా, అంటుకుందా?

కొవ్వు ఆమ్లాల నుంచి కాటయానిక్ సర్ఫాక్టెంట్లు (ధనావేశమున్న సబ్బులాంటి పదార్థాలు) తయారు చేశామంటూ నా దగ్గరకు వచ్చే ప్రాజెక్టు నివేదికల్లో మూడు సాక్ష్యాలు దాదాపు ఎప్పుడూ ఉంటాయి. ఇన్‌ఫ్రారెడ్ వర్ణపటంలో ఒక శిఖరం, నురగతో నిండిన గాజు గొట్టం ఫొటో, అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) పళ్లెంలో బ్యాక్టీరియా పెరగని వలయం. ఈ మూడూ చూపించి పదార్థం తయారైందని, పనిచేస్తుందని, నూనె గింజల నుంచి వచ్చింది కాబట్టి ప్రకృతికి మేలు చేస్తుందని తేల్చేస్తారు. ఈ మూడు నిర్ణయాల్లో ఏ ఒక్కటీ ఆ మూడు సాక్ష్యాలతో నిలబడదు. ఎందుకు నిలబడదో చెప్పడానికే ఈ వ్యాసం.

సబ్బు అణువుకు నీటిని ఇష్టపడే తల, నూనెను ఇష్టపడే తోక ఉంటాయి, ఆ తల రుణావేశంతో ఉంటుంది. కాటయానిక్ సర్ఫాక్టెంట్ తలలో నైట్రోజన్ ఉంటుంది, దానిమీద ధనావేశం. ఈ ఒక్క తేడాతో కథంతా మారిపోతుంది. నీటిలో ఉన్నప్పుడు గాజు, నూలు బట్ట, తల వెంట్రుక, ఇసుక రేణువు, బ్యాక్టీరియా గోడ, మురుగునీటి బురద, వీటన్నింటి ఉపరితలమూ ఎక్కువగా రుణావేశంతోనే ఉంటుంది. ధనావేశపు తల వాటి మీదకు వెళ్లి అతుక్కుంటుంది. బట్టల మెత్తదనానికి వాడే ద్రవం, జుట్టు కండిషనర్, క్రిమిసంహారిణి, కంకరకు తారు పట్టించే ఎమల్షన్, ఖనిజాన్ని తేల్చి వేరుచేసే రసాయనం, ఇవన్నీ ఆ ఒక్క గుణం మీద నడుస్తున్న పరిశ్రమలే. అతుక్కోవాలనే దాన్ని తయారు చేస్తాం. పరీక్షకు కూర్చున్నప్పుడు మాత్రం అది అతుక్కుంటుందన్న సంగతి మరచిపోతాం. అది సీసా గోడకు అంటుకుంటుంది, వడపోత కాగితానికి అంటుకుంటుంది, అగార్‌కు అంటుకుంటుంది. ద్రవంలో తగ్గిన ప్రతి మిల్లీగ్రామూ పనిచేసి ఖర్చయిందనో, విచ్ఛిన్నమైందనో రాసేస్తాం.

ముందు తయారీ సంగతి. కొవ్వు ఆమ్లంలో 12 నుంచి 22 కార్బన్ల పొడవున్న తోక సిద్ధంగా ఉంటుంది. దానికి నైట్రోజన్‌ను తగిలించడమే మన పని. పాత పారిశ్రామిక మార్గంలో ఆమ్లాన్ని అమ్మోనియాతో కలిపి 300 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వేడిచేస్తారు. నీరు పోయి ముందు అమైడ్, తర్వాత నైట్రైల్ వస్తుంది. నైట్రైల్‌ను నికెల్ ఉత్ప్రేరకం మీద హైడ్రోజన్‌తో అమైన్‌గా మార్చి, మిథైల్ సమూహాలు చేర్చి, చివరికి పీడనంలో మిథైల్ క్లోరైడ్‌తో క్వాటర్నరీ లవణం, అంటే నైట్రోజన్‌కు నాలుగు కార్బన్ సమూహాలు తగిలి ధనావేశం శాశ్వతమైన లవణం, చేస్తారు. క్లుప్తంగా క్వాట్ అంటాం. రెండో మార్గంలో కొవ్వు ఆమ్లాన్ని డైమిథైల్ అమైనో ప్రొపైల్ అమైన్‌తో కలిపితే మధ్యలో అమైడ్ బంధం వస్తుంది. మూడోదాంట్లో ట్రైఇథనాలమైన్ వాడతారు, అక్కడ మధ్యలో ఉండేది ఎస్టర్ బంధం. మొదటి దారిలో తోకకూ నైట్రోజన్‌కూ మధ్య ఉన్నది నేరుగా కార్బన్, నైట్రోజన్ బంధమే, నీరు దాన్ని తెంచలేదు. ఎస్టర్‌ను నీరు తెంచగలదు. ఈ తేడాకు మళ్లీ వస్తాను. నా దృష్టిలో ఈ రంగం చరిత్ర అంతా ఆ ఒక్క బంధం చుట్టూనే తిరిగింది.

చిన్న ప్రయోగశాలలో చేయగలిగేది ఎస్టర్ మార్గం కాబట్టి దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. రెండు మోల్‌ల స్టియరిక్ ఆమ్లం 569 గ్రాములు. ఒక మోల్ ట్రైఇథనాలమైన్ 149 గ్రాములు. రెండూ కరిగాక నైట్రోజన్ వాయువు కింద 170, 180 డిగ్రీల దాకా తీసుకెళ్తే కండెన్సర్ చివర నీరు చుక్కలు చుక్కలుగా దిగడం మొదలవుతుంది. గాలి చొరబడితే ఫ్లాస్కులోని ద్రవం లేత పసుపు నుంచి గోధుమ రంగుకు తిరుగుతుంది, ఇక ఆ రంగు పోదు. చర్య పూర్తయితే రావలసిన నీరు 36 గ్రాములు. కానీ నీటిని కొలిచి ఆగకూడదు, ఆమ్ల సంఖ్య చూడాలి. ఒక గ్రాములోని ఆమ్లాన్ని తటస్థం చేయడానికి పట్టే పొటాషియం హైడ్రాక్సైడ్ మిల్లీగ్రాములే ఆ సంఖ్య. స్టియరిక్ ఆమ్లపు ఆమ్ల సంఖ్య దాదాపు 197 కాబట్టి ఈ మిశ్రమానికి మొదట్లో 156 చుట్టూ ఉంటుంది. అది 5కు దిగితే చాలామంది పని అయిపోయిందంటారు. లెక్క వేసి చూడండి. 682 గ్రాముల ఉత్పత్తిలో ఆమ్ల సంఖ్య 5 ఉందంటే ఇంకా సుమారు 17 గ్రాముల కొవ్వు ఆమ్లం చర్య జరగకుండా మిగిలి ఉంది. రేపు పీహెచ్ కాస్త పెరిగితే అది సబ్బుగా మారి, రుణావేశంతో మన ధనావేశపు అణువునే పట్టుకుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది.

ఇంకొక లెక్క కూడా అవసరం. ట్రైఇథనాలమైన్‌లో మూడు హైడ్రాక్సిల్ సమూహాలున్నాయి, మనం ఇచ్చింది రెండే ఆమ్ల అణువులు. రెండు ఆమ్లాలిచ్చాం కాబట్టి అన్నీ డైఎస్టర్లే వస్తాయని అనుకోవడం పొరపాటు. మూడు చోట్లూ సమానమే అనుకుని సంభావ్యత లెక్కిస్తే డైఎస్టర్ 44 శాతం, ట్రైఎస్టర్ 30 శాతం, మోనోఎస్టర్ 22 శాతం, అసలు ఎస్టరే కానిది 4 శాతం. ఇన్‌ఫ్రారెడ్‌లో సెంటీమీటరుకు 1740 తరంగాల దగ్గర కనిపించే ఎస్టర్ శిఖరం ఈ నాలుగింటి పంపకం గురించి ఏమీ చెప్పదు. ఎస్టర్ ఉందని మాత్రమే చెబుతుంది. పైగా ట్రైఎస్టర్‌లో నైట్రోజన్ చుట్టూ మూడు పెద్ద తోకలు అడ్డుగా ఉంటాయి కాబట్టి తర్వాతి మెట్టులో అది మిగతావాటిలా సులభంగా క్వాటర్నరీ లవణం కాదు.

ఆ తర్వాతి మెట్టు, నైట్రోజన్‌కు మిథైల్ సమూహం చేర్చి క్వాట్ చేయడం, డైమిథైల్ సల్ఫేట్‌తో. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పి తీరాలి. దీనికి ముక్కు పసిగట్టగల ఘాటు వాసన ఉండదు. చర్మానికి తగిలినా, ఆవిరి పీల్చినా బాధ గంటల తర్వాత మొదలవుతుంది, అప్పటికి ఊపిరితిత్తులు దెబ్బతిని ఉంటాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో, 2ఏ వర్గంలో పెట్టింది. సరైన ఫ్యూమ్ హుడ్, అనుభవమున్న పర్యవేక్షకుడు లేని చోట ఈ మెట్టు ఎక్కకూడదు. చర్య ముగిశాక అది ఏమీ మిగలలేదని నిరూపించకుండా ఆ పదార్థాన్ని ఎవరి చేతికీ ఇవ్వకూడదు. అమైన్ కంటే కాస్త తక్కువ మోల్‌లలో దాన్ని వాడేది అందుకే. చివర్లో కొంచెం అమైన్ మిగిలినా ఫరవాలేదు, డైమిథైల్ సల్ఫేట్ మిగలకూడదు.

ఇప్పుడు ఫ్లాస్కులో ఎంత క్వాట్ ఉందో కొలవాలి. దీనికి నాకు బాగా ఇష్టమైన పరీక్ష రెండు పొరల టైట్రేషన్. 1948లో ఎప్టన్ వివరించిన పద్ధతి నుంచి ఎదిగినదే ఇది. మూత ఉన్న గాజు సిలిండర్‌లో కింద క్లోరోఫాం, పైన నీరు, నీటిలో మన నమూనా, దానికి రెండు రంగుల మిశ్రమ సూచిక, డైసల్ఫిన్ బ్లూ, డైమిడియం బ్రోమైడ్. క్వాట్ రుణావేశపు నీలి రంగును పట్టుకుని తనతోపాటు క్లోరోఫాంలోకి లాక్కుపోతుంది, కింది పొర నీలంగా మారుతుంది. బ్యూరెట్ నుంచి సోడియం లారిల్ సల్ఫేట్ కొద్దికొద్దిగా వేసి, మూత బిగించి గట్టిగా కుదిపి, పొరలు విడిపోయేదాకా ఆగాలి. మొదట్లో పాలలా కలిసిపోయి విడిపోవడానికి సమయం తీసుకుంటాయి. ముగింపు దగ్గరపడేకొద్దీ పొరలు త్వరగా విడిపోతాయి. చేయి తిరిగినవాళ్లు రంగు కంటే ముందు ఆ వేగాన్ని చూసే బ్యూరెట్ తిప్పడం నెమ్మదిస్తారు. నీలం మసకబారి బూడిద రంగుకు వస్తుంది, ఇంకో చుక్కతో గులాబీ రంగు. ఆ బూడిద రంగు దశే ముగింపు.

ఇంత చక్కటి పరీక్షలోనూ ఒక ఉచ్చు ఉంది. ఆ సూచిక ద్రావణం ఆమ్లయుతం. ఆమ్లంలో, క్వాట్ కాకుండా మిగిలిపోయిన అమైన్ కూడా ఒక ప్రోటాన్ తగిలించుకుని ధనావేశం తెచ్చుకుంటుంది, అదీ క్వాట్‌లాగే టైట్రేషన్‌లో లెక్కకు వస్తుంది. అంటే డైమిథైల్ సల్ఫేట్ చర్య సగమే జరిగినా మొత్తం జరిగినట్టు సంఖ్య కనిపించవచ్చు. క్షారంలో చేస్తే అమైన్ ఆవేశం కోల్పోయి నిజమైన క్వాట్ మాత్రమే లెక్కకొస్తుంది. అయితే ఎస్టర్ ఉన్న అణువును క్షారంలో ఉంచితే అది విడిపోవడం మొదలుపెడుతుంది. కాబట్టి ఎస్టర్‌క్వాట్‌కు మిగిలిన అమైన్‌ను ఐసోప్రొపనాల్‌లో హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో విడిగా టైట్రేట్ చేసి, మొత్తంలోంచి తీసివేయాలి. చాలా నివేదికల్లో నాకు కనిపించనిది ఈ ఒక్క వరుసే. అది లేకుండా 90 శాతం క్వాట్ అని రాస్తే నేను నమ్మను.

తర్వాత తలతన్యత, నురగ ఫొటో స్థానంలో కొలవాల్సింది ఇదే. స్వచ్ఛమైన నీటికి 20 డిగ్రీల దగ్గర 72.8 మిల్లీన్యూటన్లు ప్రతి మీటరుకు. సర్ఫాక్టెంట్ వేసేకొద్దీ తగ్గి, మిసెల్‌లు (తోకలు లోపలికి పెట్టి అణువులు కట్టే గుంపులు) ఏర్పడే గాఢత దగ్గర నిలకడకు వస్తుంది. ఆ గాఢతను అందరూ సీఎంసీ అంటారు. 12 కార్బన్ల ట్రైమిథైల్ అమ్మోనియం బ్రోమైడ్‌కు అది సుమారు 15 మిల్లీమోలార్, 14 కార్బన్లకు 4కు కాస్త తక్కువ, 16 కార్బన్లకు 0.9. రెండు కార్బన్లు పెరిగితే నాలుగో వంతుకు పడిపోతోంది. ఈ క్రమం ఎంత నమ్మదగినదంటే, మీ వరుస అణువులు దీనికి చాలా దూరంగా పోతే ముందు అనుమానించాల్సింది మీ నమూనా శుద్ధిని. వక్రరేఖలో నిలకడకు ముందు ఒక గుంట కనిపిస్తే అందులో ఉపరితలాన్ని ఇష్టపడే మలినం ఉందన్నమాట. అతుక్కునే గుణం ఇక్కడ కూడా వదలదు. తలతన్యత కొలిచే పలక నీటిలో పూర్తిగా తడవాలి. ధనావేశపు తలలు పలకకు అంటుకుని తోకలు బయటికి పెడితే అది తడవదు, సంఖ్య తక్కువగా వస్తుంది. వేలాడే చుక్క ఆకారంతో కొలిస్తే ఆ బెడద లేదు. విద్యుత్ వాహకత గ్రాఫులో వాలు మారే బిందువుతో కూడా సరిచూసుకోవాలి.

గాఢత తగ్గేకొద్దీ గాజు పెట్టే ఇబ్బంది పెరుగుతుంది. 100 మిల్లీలీటర్ల ద్రవం సీసా లోపల 120 చదరపు సెంటీమీటర్ల గాజును తాకుతుందనుకుందాం. చదరపు మీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున అంటుకుందనుకుంటే గోడ మీదకు పోయేది 0.012 మిల్లీగ్రాము. లీటరుకు ఒక గ్రాము ఉన్న ద్రావణంలో ఇది ఎవరికీ లెక్కలోకి రాదు. లీటరుకు ఒక మిల్లీగ్రామే ఉన్న ద్రావణంలో మాత్రం మొత్తం పదార్థంలో 12 శాతం. నీటి జీవుల మీద విషప్రభావాన్ని కొలిచేది సరిగ్గా ఇలాంటి గాఢతల్లోనే.

ఇక క్రిమిసంహార పరీక్ష. ఇక్కడే నాకు ఎక్కువ కోపం వస్తుంది, ఎందుకంటే ఈ సంఖ్యల మీద ఆధారపడేవాళ్లు రోగులు. 1935లో గెర్హార్డ్ డోమాక్ బెంజాల్కోనియం క్లోరైడ్ తరగతి పదార్థాల క్రిమినాశక శక్తిని ప్రకటించినప్పటి నుంచి క్వాట్‌లు ఆసుపత్రుల్లో స్థిరపడ్డాయి. తల బ్యాక్టీరియా గోడకు అంటుకుంటుంది, తోక పొరలోకి దిగి దాన్ని చీల్చుతుంది, లోపలి పదార్థం బయటికి కారిపోతుంది. తోక పొడవు 12 నుంచి 16 కార్బన్ల మధ్య ఉన్నప్పుడు ఈ శక్తి ఎక్కువ. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా అగార్ వలయంతో. అగార్‌లో రుణావేశపు సమూహాలుంటాయి. పొడవైన తోక ఉన్న క్వాట్ అందులో ముందుకు పాకలేదు, వేసిన చోటే చిక్కుకుంటుంది. అందుకని 16 కార్బన్ల అణువు చిన్న వలయాన్ని, 12 కార్బన్ల అణువు పెద్ద వలయాన్ని ఇస్తే, రెండోదే బలమైన క్రిమినాశిని అనడానికి వీల్లేదు. మీరు కొలిచింది ప్రయాణాన్ని, చంపే శక్తిని కాదు. వరుస అణువులను పోల్చాలంటే ద్రవ మాధ్యమంలో కనిష్ఠ నిరోధక గాఢత, అంటే బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే అతి తక్కువ గాఢత, చూడాలి.

చంపే శక్తిని కొలిచేటప్పుడు అంతకంటే పెద్ద పొరపాటుకు అవకాశముంది. బ్యాక్టీరియాను క్వాట్‌లో ఐదు నిమిషాలుంచి, కొంత తీసి పళ్లెంలో వేస్తాం. ఆ కొంతతోపాటు క్వాట్ కూడా వెళ్తుంది, కణాల మీద అతుక్కునే ఉంటుంది. ఐదు నిమిషాలకు చావని బ్యాక్టీరియా పళ్లెంలో రాత్రంతా ఆ క్వాట్‌తోనే గడిపి పెరగలేకపోతుంది. మనం దాన్ని ఐదు నిమిషాల్లోనే చచ్చిపోయిన ఖాతాలో వేస్తాం. అందుకే సమయం ముగిసిన క్షణాన లెసిథిన్, పాలీసార్బేట్ 80 కలిపిన ద్రావణంతో క్వాట్‌ను నిర్వీర్యం చేయాలి. ఆ ద్రావణం తనంతట తాను బ్యాక్టీరియాను చంపడం లేదనీ, క్వాట్‌ను నిజంగానే ఆపుతోందనీ విడిగా చూపాలి. ఇది ఖరీదైన పని, విద్యార్థులకు ఎక్కువ అని కొందరు అంటారు. లెసిథిన్ అరుదైన పదార్థం కాదు, అదనంగా కావలసింది కొన్ని పళ్లేలు, ఒక పూట సమయం. అవి పెట్టలేకపోతే చంపుతుందన్న మాట రాయకుండా ఉండటమే న్యాయం.

క్రిమిసంహారిణులను పరీక్షించే యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 1276 ఈ విషయంలో నాకు నచ్చుతుంది. బ్యాక్టీరియా సంఖ్య లక్షో వంతుకు పడిపోవాలంటుంది, అదీ ఆల్బుమిన్ ప్రోటీన్ కలిపి. శుభ్రమైన పరిస్థితికి లీటరుకు 0.3 గ్రాము, మురికి పరిస్థితికి 3 గ్రాములు. ప్రోటీన్ కూడా క్వాట్‌ను పట్టుకుంటుంది కాబట్టి శుద్ధమైన నీటిలో వచ్చిన సంఖ్య ఆసుపత్రి నేల మీద చెల్లదు. నూలు గుడ్డను బకెట్‌లో ముంచి తుడిచేచోట కూడా అంతే. గుడ్డ ముందు తన వాటా తీసుకుంటుంది, నేలకు చేరేది మిగిలిందే. సబ్బుతో కడిగి సరిగ్గా నీళ్లు పోయని నేల మీద క్వాట్ వేస్తే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని పడిపోతాయి.

ఇప్పుడు ఆ బంధం దగ్గరకు వస్తాను. దశాబ్దాలపాటు బట్టల మెత్తదనానికి వాడిన ప్రధాన పదార్థం రెండు పొడవైన తోకలున్న డైస్టియరిల్ డైమిథైల్ అమ్మోనియం క్లోరైడ్. తోకలు పశువుల కొవ్వు నుంచి వచ్చినవే, అంటే అచ్చంగా సహజమైనవే. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లోకి వెళ్లిన నీటినీ, బయటికొచ్చిన నీటినీ పోల్చితే అందులో చాలా భాగం తొలగిపోయినట్టే కనిపించేది. తొలగింది నీటిలోంచి, చేరింది బురదలోకి. గాలి లేని బురద తొట్టెల్లో అది విచ్ఛిన్నం కాకుండా అలాగే ఉండిపోయేది. 1990ల తొలినాళ్లలో ఐరోపా తయారీదారులు దాన్ని వదిలి ఎస్టర్‌క్వాట్‌లకు మారారు. వాటిలో ఎస్టర్ బంధం తెగితే కొవ్వు ఆమ్లం ఒకవైపు, నీటిలో కరిగే చిన్న అమ్మోనియం ముక్క ఇంకోవైపు. రెండింటినీ సూక్ష్మజీవులు తినగలవు. 2004లో వచ్చిన ఐరోపా డిటర్జెంట్ల నియమావళి, సంఖ్య 648, సర్ఫాక్టెంట్లన్నీ కాటయానిక్‌లతో సహా 28 రోజుల్లో కనీసం 60 శాతం ఖనిజీకరణ చెందాలని, అంటే కార్బన్ డయాక్సైడ్, నీరు, లవణాల దాకా విచ్ఛిన్నం కావాలని నిర్దేశించింది. మొక్క నుంచి వచ్చిందా, పశువు నుంచి వచ్చిందా అన్నది ఆ పరీక్షలో ఎవరూ అడగరు. అడగకపోవడమే సబబు.

పరీక్ష ఎంచుకోవడంలోనూ అదే జాగ్రత్త. పదార్థం ఎంత సులభంగా విచ్ఛిన్నమవుతుందో చూసే అంతర్జాతీయ పరీక్షలైన ఓఈసీడీ 301 వరుసలో కొన్ని పద్ధతులు నీటిలో కరిగి ఉన్న కార్బన్ తగ్గుదలను కొలుస్తాయి. అంటుకునే పదార్థానికి అవి పనికిరావు, బురదకు అంటుకున్నది కూడా తగ్గినట్టే కనిపిస్తుంది. ఖర్చయిన ఆక్సిజన్‌నో, వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌నో కొలవాలి. సూక్ష్మజీవులు నిజంగా తిన్నాయా లేదా అన్నది అక్కడే తేలుతుంది. దీనికి ఎదురు వాదన కూడా ఉంది, అది సరైనదే. గాఢత ఎక్కువైతే క్వాట్ ఆ సూక్ష్మజీవులనే చంపుతుంది, అప్పుడు మంచి పదార్థం కూడా విచ్ఛిన్నం కానట్టు తప్పుడు ఫలితం వస్తుంది. అందుకే తక్కువ గాఢతతో మూసిన సీసా పద్ధతి వాడటం, సులభంగా తినగల సోడియం బెంజోయేట్‌ను క్వాట్‌తో కలిపి పెట్టిన మరో సీసాతో విషప్రభావం లేదని చూపడం తప్పనిసరి.

ఎస్టర్‌క్వాట్ అన్నిటికీ మందు అని నేను అనడం లేదు. ఆ తెగే బంధం సీసాలో కూడా తెగుతుంది. పీహెచ్ 3 చుట్టుపక్కల ఉంచకపోతే నిల్వలోనే విడిపోతుంది, క్షారయుతమైన శుభ్రపరిచే ద్రవాల్లో దానికి చోటే లేదు. క్రిమిసంహారిణికి గట్టి బంధం అవసరమయ్యే చోట్లు ఉన్నాయి, వాటిని ఒప్పుకుంటాను. కానీ ఒకసారి వేసి కడిగేసే కండిషనర్‌కు, బట్టల ద్రవానికి గట్టి బంధం ఎందుకో తయారుచేసేవాళ్లు చెప్పాలి.

ఇక నా దగ్గరకు నివేదిక తెచ్చేవాళ్లను నేను అడిగేది ఒక పట్టిక. సీసాలో ఎంత వేశారు, పరీక్ష చివర్లో ద్రవంలో ఎంత ఉంది, ఖాళీ చేసిన సీసాను ఆమ్లం కలిపిన మిథనాల్‌తో కడిగితే ఎంత వచ్చింది, వడపోత కాగితం నుంచి, బట్ట నుంచి, బురద నుంచి అదే మిథనాల్‌తో తీస్తే ఎంత వచ్చింది. ఇవన్నీ కలిపి మొదటి సంఖ్యకు దగ్గరగా వస్తే ఆ పదార్థం ఎక్కడికీ పోలేదు, అతుక్కుని ఉంది. రాకపోతే, తేడాకు సరిపడా ఆక్సిజన్ ఖర్చయిందా లేదా అన్నది చూపించాలి. ఆ పట్టిక ఉంటే వలయం ఫొటో లేకపోయినా నేను నివేదిక చివరిదాకా చదువుతాను.